ఫ్రిజ్జు మీద నీలం చుక్క

కలిసి ఉన్న కుటుంబాన్ని ముక్కలు చేయడానికి ఏం కావాలనుకుంటున్నారు? కోర్టు కేసా? గట్టు తగాదానా? తోడికోడళ్ళ చాడీలా? అంత శ్రమ అక్కర్లేదండి. బొట్టుబిళ్ళల అట్టలు మూడు చాలు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతాయి. ఎవరి మీదా కోపం లేకుండా, నోరెత్తి ఒక్క మాట అనకుండా, పాపని చంకనేసుకుని ఒక్క మధ్యాహ్నంలో మా అత్తవారింటిని నేను మూడు వాటాలు చేసేశాను. చేశానన్న సంగతి ఊరందరికీ తెలిసింది. నాకే తెలియలేదు.

పాప ఇప్పుడే నిద్రపోయింది. మళ్ళీ లేచేలోపు చెప్పేస్తాను.

మా ఆయన జర్మనీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తారు. నేనూ, మా చిన్నీ ఆయన దగ్గరికి వెళ్ళాలంటే ముందు నేను జర్మన్ మొదటి మెట్టు పరీక్ష పాసవ్వాలి. పాసైతే వీసా, లేకపోతే మళ్ళీ పరీక్ష. చిన్నికి మూడేళ్ళు. దానికి నాన్న అంటే ఫోను. ఛార్జింగ్ అయిపోయి తెర నల్లబడితే "నాన్న బజ్జున్నాడు" అని ఫోనుకి దుప్పటి కప్పుతుంది. పరీక్ష తప్పితే ఈ పిల్ల ఇంకెంత కాలం ఫోనుకి జోకొడుతూ కూర్చోవాలి?

నేను ఒంగోలులో ఎమ్మెస్సీ బోటనీ చదివాను. ప్రతి చెట్టుకీ రెండేసి లాటిన్ పేర్లు బట్టీ కొట్టినదాన్ని, ఈ జర్మన్ నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. ఆన్‌లైన్ క్లాసు మొదటి వారంలోనే ఏం చేస్తుందో అర్థమైంది. ఆ భాషలో ప్రతి వస్తువూ మగ అయినా కావాలి, ఆడ అయినా కావాలి, లేదా ఏదీ కాకుండా పోవాలి. దాన్ని బట్టి ముందు డెర్ అనో, డీ అనో, డాస్ అనో తగిలించాలి.

"మేడమ్, కుర్చీ మగా?" అనడిగాను మా టీచరమ్మని.

"మగే. డెర్."

"ఎందుకండీ?"

"ఎందుకని అడక్కూడదమ్మా. నమ్మాలి."

"మరి తలుపు?"

"ఆడ. డీ."

"కిటికీ?"

"ఏదీ కాదు. డాస్."

"తలుపూ కిటికీ రెండూ ఒకే వడ్రంగి చేశాడు కదండీ?"

"బ్యాచ్ మొత్తం మీద ప్రశ్నలు నీవే ఎక్కువమ్మా."

"చివరి ప్రశ్నండి. ఆడపిల్ల?"

"డాస్ మేడ్‌షెన్. ఏదీ కాదు."

నా ఒళ్ళో కూర్చున్న చిన్నిని చూశాను. కుచ్చుల గౌను, కాళ్ళకి గజ్జెలు, రెండు పిలకలు. ఏదీ కాదట! ఆ రోజు నుంచీ నా బుర్ర గిలక్కొట్టిన మజ్జిగలా అయిపోయింది. పప్పులో పోపు వేస్తూ గరిటె మగా ఆడా అని ఆలోచించేదాన్ని. ఈలోగా ఆవాలు మాడేవి. చిన్నికి జోల పాడుతూ మధ్యలో ఆగి "ఊయల డీ" అనేదాన్ని. అది కళ్ళు తెరిచి "డీ" అనేది. ఇద్దరికీ నిద్ర పోయేది.

నా అవస్థ చూసి టీచరమ్మ ఒక చిట్కా చెప్పింది. "డెర్‌కి నీలం, డీకి ఎరుపు, డాస్‌కి ఆకుపచ్చ. ఇంట్లో వస్తువులన్నిటికీ రంగు కాగితాలు అంటించుకో. నువ్వు చదవక్కర్లేదు, కళ్ళే చదువుకుంటాయి."

కాగితాలు అంటించాను. చిన్ని వాటిని పీక్కుని తినేసింది. అప్పుడు మెరిసింది నా బోటనీ బుర్ర! బొట్టుబిళ్ళలు! పట్టుకుంటే వదలవు, తినడానికి రుచిగా ఉండవు.

ఆ రోజు అత్తయ్యని తీసుకుని బావగారు పొన్నూరులో చుట్టాల పెళ్ళికి వెళ్ళారు. బావగారంటే మా ఆయనకి అన్నయ్య. పొలం చూసేదీ, ఇల్లు నడిపేదీ ఆయనే. ఆయన భార్యని నేను అక్కా అంటాను. అక్క అప్పటికి కనిగిరిలో పుట్టింట్లో ఉంది. ఇల్లంతా నాదే. చిన్నికి ఒక అప్పడం చేతికిచ్చి పనిలోకి దిగాను. ఫ్రిజ్జు నీలం. టీవీ నీలం. బీరువా, బల్ల, కుర్చీలు, గ్యాస్ పొయ్యి అన్నీ నీలమే. వాషింగ్ మెషీను ఎరుపు. తలుపులు, గోడలు, గడియారం, లైట్లు ఎరుపు. మంచం, దిండ్లు, కిటికీలు, కూరగాయల చాకు ఆకుపచ్చ. ఇంకో పచ్చ బిళ్ళ మిగిలితే చిన్ని నుదుటి మీద పెట్టాను. డాస్ మేడ్‌షెన్! ఇల్లంతా చూసుకుని, సగం పరీక్ష పాసైపోయినట్టు కాసేపు నడుం వాల్చాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ రోజు నాకు చెప్పిన నాథుడు లేడు కాబట్టి మీకైనా ముందే చెబుతున్నాను. మా ఊళ్ళో మిరపకాయలు ఎండాక కల్లంలోనే గోతాలకెత్తి వాటాలు వేస్తారు. ఎవరి గోతాలు ఎవరివో అమ్మే మిర్చి యార్డులో తెలియాలి కదా, అందుకని కుట్టిన మూతి పక్కన రంగుచుక్క పెడతారు. మా ఇంట్లో బావగారిది నీలం. మా ఆయనది ఎరుపు. అత్తయ్యది ఆకుపచ్చ. మావయ్యగారు పోయినప్పటి నుంచీ అదే పద్ధతి. ఊళ్ళో ఎవర్ని లేపి అడిగినా చెబుతారు. నాకు మాత్రం మిర్చి ఘాటు సోకితే ఆగకుండా తుమ్ములు. పెళ్ళయ్యాక కల్లం వైపు కన్నెత్తి చూసింది లేదు.

సాయంత్రం అత్తయ్యా, బావగారూ వచ్చారు. గుమ్మం దగ్గరే ఆగిపోయారు. బావగారు ఫ్రిజ్జు చూశారు, టీవీ చూశారు, బీరువా చూశారు. చూసినకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది. కాఫీ తెస్తే "వద్దులేమ్మా" అని పెరట్లోకి వెళ్ళిపోయారు. మా బావగారు కాఫీ వద్దనడం నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళి భోజనం ఎక్కువైందేమో అనుకున్నాను.

అత్తయ్య మంచం మీది చుక్క వేలితో తడిమారు. తర్వాత చిన్ని నుదురు చూశారు. చాలాసేపు చూశారు. పిల్లని దగ్గరికి లాక్కుని నెత్తిన ముద్దు పెట్టుకున్నారు.

"ఇదంతా అబ్బాయికి తెలిసే చేశావా అమ్మాయ్?"

"తెలుసత్తయ్యా. ఆయనే తొందరగా కానియ్యమంటున్నారు."

"ఎప్పటికల్లా?"

"ఈ నెలాఖరుకి అయిపోవాలి."

"ఊఁ" అన్నారు. ఆ రాత్రి చిన్నికి అన్నం తనే పెట్టారు, తన పక్కలోనే పడుకోబెట్టుకున్నారు. నా చదువు కోసం ఎంత సహకరిస్తున్నారో అని నేను పొంగిపోయాను.

మర్నాటి నుంచి ఇల్లు ఆసుపత్రిలా ఉంది. అందరూ మెల్లగా మాట్లాడతారు, నేను వస్తే ఆపేస్తారు. పక్కింటి మస్తాన్‌బీ పిన్ని పంచదార కావాలని వచ్చి, పంచదార సంగతి మర్చిపోయి, గది గదికీ తిరిగి చుక్కలన్నీ చూసింది. చివరికి నా చెయ్యి పట్టుకుని నిట్టూర్చింది.

"తప్పదులేమ్మా. ఎప్పటికైనా ఇది ఉండేదే. మా ఇంట్లోనూ అయ్యింది."

నేను నోరెళ్ళబెట్టాను. "మీ ఇంట్లోనా పిన్నీ? మీరూ చేశారా?"

"చెయ్యకేం. మా మరుదులు ముగ్గురు కదా. మంచాల దగ్గరే పెద్ద గొడవ."

ముగ్గురు మరుదులూ జర్మన్ నేర్చుకున్నారంటే నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగిపోయింది. "మంచం దగ్గర నాకేం ఇబ్బంది లేదు పిన్నీ. ఫ్యాను దగ్గరే తేలట్లేదు."

"ఎటు అనుకుంటున్నావు?"

"నీలమే అనుకుంటున్నా."

"అదీ నీలమేనా! మంచివన్నీ అటే తోసేశావు. నీకంటూ ఏం మిగుల్తుందే తల్లీ?"

"తలనొప్పి తప్ప నాకేం మిగుల్తుంది పిన్నీ?"

పిన్ని కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోయింది. ఒక భాష నేర్చుకునేవాళ్ళ కష్టం మీద ఇంత జాలి ఉన్న ఊరు ఇంకెక్కడైనా ఉంటుందా అనుకున్నాను. సాయంత్రానికి కనిగిరి నుంచి అక్క ఫోను. ఎలా ఉన్నావనలేదు, పిల్ల ఎలా ఉందనలేదు. "మరి వాషింగ్ మెషీను ఏంటి, ఎరుపా?" అంది. అక్కకి కూడా అప్పజెబుతున్నానని సంబరపడి, "అవునక్కా, కచ్చితంగా ఎరుపే! దాంట్లో అనుమానమే లేదు!" అన్నాను. టక్కున పెట్టేసింది. సిగ్నల్ లేదేమో అనుకున్నాను.

ఆ మరుసటి రోజు చీమకుర్తి నుంచి మా వదిన దిగింది. మా ఆయనకి అక్క. గ్రానైట్ లారీ దుమ్ము లేపుకుంటూ వచ్చినట్టే వచ్చింది. చెప్పులు విప్పకుండా ఇల్లంతా చుట్టింది. బీరువా తలుపు తీసి లోపల కూడా చుక్కలున్నాయేమో చూసింది. హాలు మధ్యలో నిలబడి చేతులు నడుముకి ఆనించింది.

"ఏమ్మా, పెద్దోడిది నీలం. చిన్నోడిది ఎరుపు. అమ్మది పచ్చ. ఈ ఇంట్లో ఆడపిల్ల ఒకతి పుట్టిందని ఎవరికైనా గుర్తుందా? నా రంగేది?"

నాకు సగమే చెవికెక్కింది. క్లాసుకి టైమవుతోంది, నోట్లో ఇంకా పాఠం నలుగుతోంది. "మూడే రంగులున్నాయి వదినా."

"మూడేనా?"

"మూడే. నాలుగోది కూడా ఉంటే నేను చచ్చిపోయేదాన్ని."

వదిన ముఖం ఎండుమిరపకాయ అయింది. "విన్నావా అమ్మా? నాకూ ఒక రంగుంటే ఈవిడ చచ్చిపోయేదంట! నేనేనాడైనా ఒక్క గోతం అడిగానా? ఒక్క కాయ అడిగానా?"

అప్పుడు బావగారు తలెత్తారు. ఆయన గొంతు పెద్దది కాదు, కానీ అందరూ ఆగిపోయారు.

"అమ్మాయ్, వేరు పడాలనుంటే నన్నడిగితే నేనే పంచి ఇచ్చేవాణ్ణి కదా. కల్లంలో గోతాలకి పెట్టినట్టు ఇట్టా చుక్కలు పెట్టి చెప్పాలా?"

పంచి ఇవ్వడం. వేరు పడటం. గోతాలు. చుక్కలు. కాఫీ వద్దన్న బావగారు, కళ్ళు ఒత్తుకున్న మస్తాన్‌బీ పిన్ని, ఫోను పెట్టేసిన అక్క, అందరూ వరసగా నా కళ్ళ ముందు తిరిగారు. ఆ వెనకే అసలు భయం పట్టుకుంది. పరీక్షకి నన్ను హైదరాబాద్ తీసుకెళ్ళాల్సింది ఈ బావగారే. ఆ రెండు రోజులూ చిన్నిని చూసుకుంటానన్నది ఈ వదినే. వీళ్ళు కాదంటే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే చిన్నికి నాన్న లేడు.

"అయ్యో బావగారూ! ఇవి వాటాలు కాదండీ! జర్మన్ చుక్కలు!"

"జర్మనీ వాళ్ళొచ్చి మా ఇల్లు పంచారా?" అంది వదిన.

"కాదు వదినా. వాళ్ళ భాషలో ఫ్రిజ్జు మగ. అందుకని నీలం..."

"ఫ్రిజ్జు మగేంటే, సిగ్గు లేకపోతే సరి!"

"ఒట్టు వదినా. చూడకుండా చెప్పమంటే చెబుతాను."

ఈ మాట ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. వదిన వెంటనే ఫ్రిజ్జు మీది చుక్కని అరచేత్తో మూసింది. "చెప్పు."

"నీలం."

గడియారం మూసింది. "ఎరుపు." దిండు మూసింది. "పచ్చ." బావగారి కనుబొమలు కాస్త లేచాయి. గెలుస్తున్నాననుకున్నాను. అప్పుడు వదిన కూరగాయల చాకు తెచ్చి, పిడి మీది చుక్కని బొటనవేలితో మూసి, మొనని నా వైపు పెట్టి నిలబడింది.

"చెప్పు."

మొన నా వైపుంటే వ్యాకరణం ఏం గుర్తుంటుందండీ! "నీ... నీలం."

వదిన వేలు తీసింది. "పచ్చ! చూశావా అమ్మా! తను పెట్టిన చుక్క తనకే తెలీదు. అబద్ధమాడితే ఇట్టాగే అవుద్ది!"

చివరి ఆశగా మా ఆయనకి వీడియో కాల్ చేశాను. ఫ్యాక్టరీ హోరు మధ్య టోపీ పెట్టుకుని కనబడ్డారు. వదిన ఫోను లాక్కుంది.

"ఒరేయ్, ఫ్రిజ్జు మగా ఆడా?"

"ఏంటక్కా?"

"అక్కడ ఫ్రిజ్జు మగా ఆడా అని!"

"ఏమో అక్కా. నేను అన్నిటికీ 'డ' అని నోట్లో నోట్లో అనేస్తా. వాళ్ళే సర్దుకుంటారు. మళ్ళీ చేస్తా, మిషన్ ఆగింది."

"అదుగో!" అంది వదిన. "అక్కడున్నోడికే తెలీదంట, ఒంగోలు పిల్లకి తెలిసిందంట!"

కట్టుకున్నవాడు కాపాడలేదు. క్లాసు కాపాడింది. అదే నిమిషంలో ఫోను టింగుమని మోగి టీచరమ్మ తెర మీదకొచ్చింది. నేను ఫోనుని డబ్బాకి ఆనించి, అందరినీ ముందు కూర్చోబెట్టాను. టీచరమ్మ తలుపు బొమ్మ చూపించింది. బ్యాచ్ మొత్తం "డీ!" అని అరిచింది.

"డీ అంటే ఎరుపు వదినా."

వదిన లేచి వెళ్ళి తలుపు చూసొచ్చింది. ఎరుపు. కిటికీ బొమ్మ వచ్చింది, "డాస్!" అన్నారు. వదిన పరిగెత్తింది. పచ్చ. కుర్చీకి వదిన తన కిందే వంగి చూసుకుంది. నీలం. ఇంకాసేపటికి ఆవిడే ఫోను దగ్గరికి జరిగి, "బీరువా అడగండి మేడమ్, బీరువా!" అంది.

"ఎవరమ్మా వెనకాల?" అంది టీచరమ్మ.

"మా వదినండీ."

"చురుగ్గా ఉన్నారే. చేరతారా?"

బావగారు మీసం కింద నవ్వుకోవడం చూశాను. లేచి, "కాఫీ ఉందా అమ్మాయ్?" అన్నారు. నాకు వీసా వచ్చినంత ఊపిరి వచ్చింది.

అత్తయ్య ఒక్కరే నవ్వలేదు. చిన్నిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"మరి పిల్ల?" అన్నారు.

"డాస్ మేడ్‌షెన్ అత్తయ్యా. వాళ్ళ లెక్కలో ఏదీ కాదు. అందుకని పచ్చ."

"పచ్చంటే నాదని కాదా?"

అత్తయ్య చిన్ని పిలకలు సవరించారు.

"నువ్వొక్కదానివే వెళ్తున్నావనుకున్నాను. పిల్లని నా వాటాకి ఉంచావనుకున్నాను. ఆ మంచాలూ కిటికీలూ ఎవరిక్కావాలి, ఇదొక్కటి చాల్లే అని ఊరుకున్నా."

నాకొచ్చిన జర్మన్ మాటలన్నీ సామాన్ల మాటలే. ఆ సమయానికి పనికొచ్చేది తెలుగులోనూ ఒకటీ తట్టలేదు. నేను అత్తయ్య పక్కన కూర్చున్నాను, అంతే. చిన్ని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నుదుటి బిళ్ళ పీకి అత్తయ్య చెంప మీద అంటించింది.

"అమ్మా, ఇప్పుడు నువ్వు కూడా ఏదీ కాదు" అంది వదిన. అత్తయ్యకి నవ్వాగలేదు. కళ్ళూ ఆగలేదు.

మాట ప్రకారం బావగారు నన్ను హైదరాబాద్ తీసుకెళ్ళారు. వదిన చిన్ని దగ్గర ఉంది. పరీక్ష గదిలో ఏ వస్తువు మీదా చుక్క లేదు. నా కళ్ళు చదువుకున్నవన్నీ ఇంట్లోనే ఉండిపోయాయి. బొమ్మ ఉన్న కార్డు తీసి ఏదైనా అడగమన్నారు. తీశాను. చాకు! ఒక్క క్షణం తల ఖాళీ. ఆ వెంటనే మొన కనబడింది, బొటనవేలు కనబడింది, "పచ్చ! చూశావా అమ్మా!" వినబడింది. "డాస్!" అని ఎంత గట్టిగా అరిచానంటే ఎదురుగా ఉన్న ఆయన పెన్ను కింద పడింది. ఆ తర్వాత తిరుగే లేదు. కుర్చీ అంటే బావగారు, గడియారం అంటే మేము, కిటికీ అంటే అత్తయ్య. జర్మన్‌లో లేని బంధుత్వాలన్నీ నేను కలిపేశాను. పాసయ్యాను. వీసా కాగితాలు నడుస్తున్నాయి.

చుక్కలన్నీ పీకేశాం. జిగురు మచ్చలు మాత్రం పోలేదు, ఫ్రిజ్జు ఇంకా చుక్కతో ఉన్నట్టే ఉంటుంది. అక్క కనిగిరి నుంచి వచ్చేసింది. మొన్న భోజనాల దగ్గర ఉండబట్టలేక, కొన్ని వాక్యాల్లో డీ కాస్తా డెర్ అయిపోతుందట, ఎరుపు నీలమైపోతుందట అని కొత్త పాఠం గురించి వాపోయాను. అక్క కలుపుతున్న ముద్ద ఆపేసింది.

"అంటే వాషింగ్ మెషీను మాకొచ్చినట్టేనా?"

కాబట్టి పాఠకులారా, ఈ ఇంటి నాలుగు గోడల సాక్షిగా (అవి ఎర్రవి, కనక మా వాటావి) నేను ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశంలో ఉన్నా, ఏ భాష నేర్చుకున్నా, నా నుదుటి మీద తప్ప ఇంకెక్కడా చుక్క పెట్టను. చిన్ని నుదుటి మీద కూడా పెట్టను. ఆ పని నాది కాదు. రోజూ పొద్దున్నే దానికి తలదువ్వి, ఏరి ఏరి పచ్చ బిళ్ళ తీసి పెట్టేది అత్తయ్యే. "వేరే రంగు పెట్టండత్తయ్యా, గౌను ఎర్రది కదా" అన్నాను నిన్న.

"ఒకసారి చుక్క పడ్డాక మార్చకూడదమ్మాయ్" అన్నారు.